కోడిపిల్లకి క్యాబేజీ, పసిబిడ్డకి సూది: ఒక ఆకు వెనకున్న చరిత్ర

ఈ ఎపిసోడ్ మా పెరట్లోనే షూట్ చేశాం. వెనక కోళ్ల గోల వినిపిస్తుంటే ఏమనుకోకండి, ఇది వాటి టైమ్. సాయంత్రం నాలుగైతే చాలు, జాలీ దగ్గరికొచ్చి వరసగా నిలబడతాయి. మొత్తం తొమ్మిది పెట్టలు, ఒక పుంజు. నా చేతిలో ఉన్నది క్యాబేజీ పై ఆకు, మనం కూర వండేటప్పుడు తీసి పారేస్తామే, అది. దీన్ని జాలీలోంచి లోపలికి పెట్టగానే ఎలా లాక్కుంటాయో చూశారుగా.

ఈ ఆకు మీదే ఈరోజు ఎపిసోడ్. నవ్వకండి. దీని వెనక డెన్మార్క్ ఉంది, కాలిఫోర్నియా ఉంది, రెండు నోబెల్ బహుమతులున్నాయి, మన భీమవరంలో పుట్టిన ఒక పెద్దాయన ఉన్నారు. మా అక్క కూతురు కూడా ఉంది. ముందు ఆ పాప సంగతే చెప్తాను, ఎందుకంటే ఈ చరిత్రంతా నేను వెతికింది ఆ రోజు రాత్రి, ఒక హాస్పిటల్ వరండాలో, పది శాతం చార్జింగ్ ఉన్న ఫోన్‌లో.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. అక్క డెలివరీకి మామ్మ, బావ, నేను వెళ్లాం. పాప పుట్టింది, అంతా బానే ఉంది, స్వీట్లు తెద్దామని లేచాను. అంతలో సిస్టర్ ఒక కాగితం పట్టుకొచ్చి, "పాపకి ఇంజెక్షన్ ఇవ్వాలి, సంతకం పెట్టండి" అంది. మామ్మ అడ్డం తిరిగింది. "పుట్టి గంట కాలేదు, అప్పుడే సూదేంట్రా? పాపకేమైనా జబ్బా?" జబ్బేం లేదని సిస్టర్ అంది. "జబ్బు లేకపోతే సూదెందుకు?" అని మామ్మ. ఆ ప్రశ్నలో తప్పేం లేదు, నిజానికి. సిస్టర్‌కి అవతల ఇంకో ముగ్గురు బాలింతలున్నారు, "విటమిన్ అమ్మా, అందరికీ ఇస్తాం" అని చెప్పి వెళ్లిపోయింది. బావ పెన్ను పట్టుకుని నా మొహం చూస్తున్నాడు. "ఇప్పుడొద్దులే, రేపు చూద్దాం" అన్నాడు. కాగితం మీద "విటమిన్ కె" అని ఉంది. నాకు ఎ తెలుసు, బి తెలుసు, సి, డి తెలుసు. ఈ కె ఏంటో తెలీదు. ఫోన్ తీశాను.

ఫోన్‌లో ముందు వచ్చింది పసిపిల్లల గురించి కాదు, కోడిపిల్లల గురించి.

1929. కోపెన్‌హేగన్ యూనివర్సిటీలో హెన్రిక్ డ్యామ్ అనే బయోకెమిస్ట్ ఒక చిన్న ప్రశ్న పట్టుకున్నాడు. కొలెస్టరాల్‌ని కోడిపిల్ల తన ఒంట్లో తనే తయారు చేసుకోగలదా, లేక తిండిలోంచే రావాలా? పరీక్షించడానికి కొవ్వంతా తీసేసిన దాణా కలిపి, పిల్లల్ని గూళ్లలో పెట్టి అదే మేపాడు. గడ్డి లేదు, పురుగుల్లేవు, ఆకు లేదు. రెండు మూడు వారాలయ్యేసరికి కొన్ని పిల్లలకి చర్మం కింద, కండల్లో రక్తం కమిలిపోవడం మొదలైంది. రక్తం తీసి చూస్తే గడ్డకట్టడానికి చాలాసేపు పడుతోంది. ఆయన వెతుకుతున్నది ఇది కాదు. కొలెస్టరాల్ ప్రశ్నకి జవాబు దొరికింది, పిల్లలు దాన్ని తయారు చేసుకుంటాయి అని. కానీ ఈ రక్తం కారడం మిగిలిపోయింది. చాలామంది అయితే ఆ పిల్లల్ని పక్కన పడేసి పేపర్ రాసేసుకునేవాళ్లు. డ్యామ్ వదల్లేదు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. మీ ఇంట్లో కోళ్లున్నాయా? ఉంటే ఇలా రక్తం కక్కి చచ్చిన పిల్లని ఎప్పుడైనా చూశారా? ఈ జబ్బుతో అయితే దాదాపు చూసి ఉండరు. వేల ఏళ్లుగా కోడి పెరట్లోనే తిరిగింది. గరిక పొడుచుకుంటుంది, తోటకూర మొక్క కనబడితే మొదలంటా తినేస్తుంది, ఎరువు కుప్ప కెలుకుతుంది. కాబట్టి ఈ జబ్బు బయటపడే అవకాశమే లేదు. చలిదేశాల రైతులు కూడా మంచు కాలంలో కోళ్లని లోపల పెట్టినప్పుడు క్యాబేజీ గడ్డో బీట్‌రూట్ జాతి దుంపో తాడుకి వేలాడదీసేవాళ్లు, ఓట్లు మొలకెత్తించి పెట్టేవాళ్లు. ఎందుకని అడిగితే సైన్స్ చెప్పలేరు, కోడి బాగుంటుందని చెప్తారు. 1920ల్లో చేప కాలేయం నూనెలో విటమిన్ డి ఉందని తెలిశాక, ఎండ తగలకుండా కూడా పిల్లల్ని పెంచొచ్చని అర్థమైంది. కోళ్లు షెడ్డుల్లోకి, వైరు గూళ్లలోకి వెళ్లడం అప్పటి నుంచి ఊపందుకుంది. నేల పోయింది, గరిక పోయింది. అప్పుడుగానీ ఆ గరికలో ఏముండేదో తెలియలేదు.

సరే, రక్తం కథకి వద్దాం. అప్పట్లో రక్తం కారితే అందరికీ గుర్తొచ్చేది స్కర్వీ. ఓడల్లో నావికులకి చిగుళ్లలోంచి రక్తం కారి, నిమ్మరసం తాగితే తగ్గేది కదా, విటమిన్ సి లోపం. 1931లో కెనడాలో ఒంటారియో వ్యవసాయ కాలేజీ వాళ్లు కూడా కోడిపిల్లల్లో ఇదే చూశారు. రెక్కకి నంబరు బిళ్ల తగిలిస్తే ఆ చిన్న గాయానికే రక్తం ఆగకుండా పోయేది. 1933లో కాలిఫోర్నియా యూనివర్సిటీలో హోల్‌స్ట్, హాల్‌బ్రుక్ అనే ఇద్దరు ఇలాంటి పిల్లలకి పచ్చి క్యాబేజీ పెట్టారు. జబ్బు ఆగిపోయింది! క్యాబేజీలో విటమిన్ సి బోలెడు ఉంటుంది, కాబట్టి ఇది కోళ్ల స్కర్వీ అని రాసేశారు.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఈ తప్పే. మందు కరెక్టు, కారణం తప్పు. క్యాబేజీ నిజంగానే పనిచేసింది, వాళ్లు అనుకున్న దానివల్ల కాదంతే. మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే చాలా విషయాలు ఇలాగే ఉంటాయి. అది పనిచేస్తుంది కాబట్టి వాళ్లు చెప్పే కారణం కూడా నిజమనుకుంటాం, లేదా కారణం తప్పని తేలితే పనిని కూడా కొట్టిపారేస్తాం. రెండూ తొందరపాటే.

తప్పు ఎలా బయటపడిందంటే, అదే రోజుల్లో హంగరీలో సెంట్-గ్యోర్గ్యి అనే శాస్త్రవేత్త మిరప జాతికే చెందిన పాప్రికా కాయల్లోంచి విటమిన్ సిని శుద్ధంగా, కిలోల లెక్కన తీయడం మొదలుపెట్టాడు. అంతవరకూ "విటమిన్ సి ఇచ్చాం" అంటే నిమ్మరసమో క్యాబేజీయో ఇచ్చినట్టు, దాంతో పాటు ఇంకో వంద పదార్థాలు వెళ్తాయి. ఇప్పుడు ఒక్క సి మాత్రమే ఇవ్వొచ్చు. డ్యామ్ ఇచ్చి చూశాడు. పిల్లలకి రక్తం కారుతూనే ఉంది. అంటే క్యాబేజీలో సి కాకుండా ఇంకేదో ఉంది. ఆకుకూరల్లో ఉంది, పంది కాలేయంలో ఉంది, కొవ్వులో కరుగుతుంది. 1935లో దానికి పేరు పెట్టాడు. రక్తం గడ్డకట్టడాన్ని వాళ్ల భాషలో, జర్మన్‌లో 'కోయాగులేషన్' అని కె అక్షరంతో రాస్తారు. అందుకే విటమిన్ కె.

అదే టైమ్‌లో కాలిఫోర్నియాలో, బర్క్‌లీలో ఆల్మ్‌క్విస్ట్ అనే ఆయన, స్టోక్‌స్టాడ్ అనే కుర్ర విద్యార్థి ఇదే జబ్బు మీద కూర్చున్నారు. స్టోక్‌స్టాడ్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు. వాళ్లకి దొరికిన ఆధారం ఇంకా విచిత్రం. దాణాలో వేసే చేపల పొడి బాగున్నప్పుడు పిల్లలకి రక్తం కారేది, తడిసి కుళ్లిన చేపల పొడి వేస్తే కారేది కాదు. కుళ్లినప్పుడు అందులో పెరిగిన బ్యాక్టీరియా ఆ పదార్థాన్ని తయారు చేస్తోందన్నమాట. లూసర్న్ గడ్డిలో కూడా అదే ఉందని పట్టుకున్నారు. కానీ వాళ్ల పేపర్ అచ్చు కావడం ఆలస్యమైంది. డ్యామ్‌ది ముందొచ్చింది, వీళ్లది కొద్ది వారాల తేడాతో వెనకపడింది. 1943 నోబెల్ డ్యామ్‌కి, ఆ విటమిన్ నిర్మాణం తేల్చిన అమెరికన్ డోయిజీకి కలిపి ఇచ్చారు. ఆల్మ్‌క్విస్ట్‌కి రాలేదు. నాకైతే ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

ఇంతకీ కోడిపిల్లలోనే ఎందుకు బయటపడింది? ఎలుకలకీ మనుషులకీ పేగుల్లో బ్యాక్టీరియా కొంత విటమిన్ కె తయారు చేసి పెడుతుంది. కోడికి పెద్దపేగు చాలా పొట్టి, అక్కడ దొరికేది సరిపోదు. తిండిలో ఆకు లేకపోతే కొన్ని వారాల్లోనే బయటపడుతుంది. పేగుల్లో బ్యాక్టీరియా లేని ఇంకో ప్రాణి ఉంది. ఎవరో ఊహించారా? అప్పుడే పుట్టిన బిడ్డ.

ఇది చదివేటప్పుడు నా చెయ్యి నిజంగా ఆగిపోయింది. తల్లి కడుపులో ఉన్నప్పుడు విటమిన్ కె మాయ దాటి బిడ్డకి చాలా తక్కువ వెళ్తుంది. తల్లిపాలలో కూడా అది తక్కువే. పేగుల్లో బ్యాక్టీరియా ఇంకా చేరలేదు. అంటే ప్రతి బిడ్డా, ఎంత ఆరోగ్యంగా పుట్టినా, ఆ కోపెన్‌హేగన్ గూట్లో ఉన్న కోడిపిల్లలాగే మొదలవుతుంది. చాలామందికి ఏమీ కాదు. కొందరికి మాత్రం బొడ్డు దగ్గరో, పేగుల్లోనో, అన్నిటికంటే ఘోరంగా మెదడులోనో రక్తం కారుతుంది. 1894లోనే బోస్టన్‌లో టౌన్‌సెండ్ అనే డాక్టర్ ఇలాంటి 50 మంది పిల్లల గురించి రాశాడు. కారణం ఆయనకి తెలీదు. నలభై ఏళ్ల తర్వాత కోడిపిల్లలు చెప్పాయి. 1961లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం పుట్టిన ప్రతి బిడ్డకీ విటమిన్ కె ఇవ్వమంది. మన దేశంలో కూడా పుట్టిన పిల్లలందరికీ ఇవ్వాలనే నియమం ఉంది, తొడకి ఒక చిన్న సూది.

నేను మామ్మ దగ్గరికెళ్లి కూర్చున్నాను. నోబెల్, డెన్మార్క్ ఏమీ చెప్పలేదు. "మామ్మా, పొదిగిన పిల్లలకి నువ్వు నూకలతో పాటు తోటకూర తరిగి వేస్తావు కదా, ఎందుకు?" అన్నాను. "ఆకు పడకపోతే పిల్ల నిలబడదురా" అంది. "పాపకి ఆకు పెట్టలేం కదా. ఆ ఆకులో ఉండేదే సూదిలో ఇస్తారంట. అది లేకపోతే లోపల రక్తం కారితే ఆగదంట." మామ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత బావ వైపు తిరిగి, "పెన్ను పట్టుకుని చూస్తావేంటయ్యా, పెట్టు సంతకం" అంది.

సూదిలో ఉండేది క్యాబేజీ రసం కాదని మీకు చెప్పక్కర్లేదు, ఫ్యాక్టరీలో తయారు చేసిందే. పదార్థం ఒకటే.

ఇప్పుడు స్టోక్‌స్టాడ్ దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే ఇక్కడి నుంచి కథ మన జిల్లాకి వస్తుంది. కోళ్లకి ఇంకో సమస్య ఉండేది, రక్తహీనత. కొన్ని రకాల దాణా మీద పిల్లలు పాలిపోయేవి, ఈకలు సరిగ్గా వచ్చేవి కావు. దీనికీ ఏదో పదార్థం తక్కువైందని 1930ల చివర తేలింది. 1941లో టెక్సస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరలోంచి ఒక పదార్థాన్ని కొద్దిగా, చాలా కొద్దిగా తీశారు. లాటిన్‌లో ఆకుని 'ఫోలియం' అంటారని దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. నాలుగు టన్నుల పాలకూర అంటే మన ఊరి సంతకి ఎన్నేళ్లు సరిపోతుందో లెక్కేసుకోండి.

అదే ఏడాది స్టోక్‌స్టాడ్ న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరాడు. అక్కడ పరిశోధన నడిపించింది ఎవరో తెలుసా? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన నాయకత్వంలోని టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని విడగొట్టి, 1945కల్లా ల్యాబ్‌లో తయారు చేసింది. ఆకుల్లోంచి, కాలేయంలోంచి చిటికెడు తీయడానికి టన్నులు కావాల్సిన పదార్థం, మాత్రగా దొరికే రోజొచ్చింది. మన గవర్నమెంటు ఆసుపత్రుల్లో, అంగన్‌వాడీల్లో గర్భిణులకి ఇచ్చే ఎర్ర మాత్ర చూశారా? ఐరన్ పక్కన అందులో ఉండేది ఇదే. మా అక్క నెలల తరబడి మొహం చిట్లిస్తూ మింగింది.

ఇక్కడితో ఆపితే కథ తియ్యగా ఉంటుంది. కానీ లెడర్లీలోనే ఇంకోటి జరిగింది, అది కూడా చెప్పాలి. సుబ్బారావు గారి టీమ్‌లో 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. ఆ ఏడాదే ఆయన పోయారు. తర్వాత స్టోక్‌స్టాడ్, థామస్ జ్యూక్స్ అనే ఇంకో ఆయన కోళ్ల దాణాలో బి12 కోసం వెతుకుతూ, ఆరియోమైసిన్ తీశాక మిగిలిన పిప్పిని కోడిపిల్లలకి పెట్టారు. పిల్లలు అనుకున్నదానికంటే జోరుగా పెరిగాయి. విటమిన్ ఒక్కటే కారణం కాదు, మిగిలిపోయిన యాంటీబయాటిక్‌ది కూడా ఆ పని. 1950లో ఈ వార్త బయటికొచ్చింది. ప్రపంచమంతా దాణాలో యాంటీబయాటిక్స్ కలపడం అలా మొదలైంది. దాని ఫలితం మందులకి లొంగని బ్యాక్టీరియా రూపంలో మనం ఇప్పుడు చూస్తున్నాం. 2019లో మన దేశం కొలిస్టిన్ అనే మందుని కోళ్లకీ పశువులకీ వాడకుండా నిషేధించింది. ఒకే మనిషి కెరీర్‌లో, ఒక చివర క్యాబేజీ ఆకు, ఇంకో చివర మందు కలిపిన దాణా. స్టోక్‌స్టాడ్‌ని తిట్టాలనిపించదు నాకు, ఆయనకి ఇదంతా తెలిసే అవకాశం లేదు. అలాగని గమ్మున దాటేయాలని కూడా అనిపించదు.

కోళ్ల తిండి, మనిషి జబ్బు అనగానే కొందరికి ఇంకో పాత కథ గుర్తొస్తుంది, దాన్ని క్లుప్తంగా చెప్తాను. నేను మొదట్లో చెప్పిన రెండో నోబెల్ అదే. 1889లో జావా దీవిలో, బటావియా మిలిటరీ ఆసుపత్రిలో ఐక్‌మాన్ అనే డచ్ డాక్టర్ దగ్గర కోళ్లకి కాళ్లు పడిపోయాయి. ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం వాటికి వేస్తున్నారని తర్వాత తెలిసింది. కొత్త వంటవాడు వచ్చి, మిలిటరీ బియ్యం బయటి కోళ్లకి ఇవ్వనన్నాడు. దాంతో ముతక బియ్యం వేశారు, కోళ్లు లేచి తిరిగాయి. మనుషులకి వచ్చే బెరిబెరికి, బియ్యం మీది పొరకి సంబంధం ఉందని అలా దారి దొరికింది. ఐక్‌మాన్‌కి 1929లో నోబెల్ వచ్చింది.

ఇందులో మనకేంటంటారా? బెరిబెరి మన దగ్గర బాగా ఉండేది. ఉత్తర సర్కారులు అని బ్రిటిష్ వాళ్లు పిలిచిన మన కోస్తాలో ఈ జబ్బు ఎంత ఉందంటే, మాల్కమ్‌సన్ అనే డాక్టర్ 1835లోనే మద్రాసులో దీని మీద పుస్తకం వేశాడు. ఉప్పుడు బియ్యం తినే చోట్ల రాదు, పచ్చి బియ్యాన్ని మిల్లులో తెల్లగా పట్టించి తినే మన దగ్గర వచ్చేది. 1918లో కూనూరులో బెరిబెరి కోసమే ఒక చిన్న గదిలో మొదలైన పరిశోధన పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్, జాతీయ పోషకాహార సంస్థ అదే. ఆలోచిస్తే తమాషాగా ఉంటుంది. తవుడు గేదెకీ కోడికీ వేసి, తెల్లన్నం మనం తిన్నాం. ఇంట్లో మంచి తిండి తిన్నది కోడే.

చివరగా, చాలామంది అడిగే ప్రశ్న: పెరటి కోళ్లకి ఏం పెట్టొచ్చు? నేను పెట్టేవి చెప్తాను. తోటకూర, పాలకూర, మునగాకు, క్యాబేజీ పై ఆకులు, కీరదోస, గుమ్మడికాయ ముక్కలు గింజలతో సహా. ముందు దాణా తిననివ్వండి, ఆకులు సాయంత్రం. మొత్తం తిండిలో పదో వంతు దాటకుండా చూసుకుంటే మంచిది, లేకపోతే ఆకుతోనే కడుపు నిండి గుడ్డు తగ్గుతుంది. బజార్లో కొన్నవి ఉప్పు నీళ్లలో కాదు, మామూలు నీళ్లలో రెండుసార్లు బాగా కడగండి, మందులు కొట్టి ఉంటారు. పచ్చబారిన బంగాళాదుంప తొక్కలు, ఉడకని రాజ్మా, అవకాడో, ఊరగాయ కలిసిన అన్నం వద్దు. పొడవాటి గడ్డి కోయకుండా వేయకండి. నేను వేశాను ఒకసారి. అది ఒక పెట్టకి మెడ కింద మేత సంచిలో ఉండచుట్టుకుని, రెండు రోజులు దాన్ని బతికించుకోవడానికి నానా తంటాలు పడ్డాను. ఆకులు తింటే పచ్చసొన రంగు ముదురుతుంది, అది ఆకులోని రంగు పదార్థాల వల్ల.

ఇంకో మాట. మీ తాతగారో అమ్మమ్మగారో రక్తం పలచబడటానికి వార్ఫరిన్ లాంటి మాత్ర వేసుకుంటుంటే, ఆ మాత్ర పనిచేసేదే విటమిన్ కెకి అడ్డుపడి. ఈ వీడియో చూపించి వాళ్లకి ఒక్కసారిగా ఆకుకూరలు ఎక్కువ పెట్టేయకండి, పూర్తిగా మాన్పించకండి కూడా. ఎప్పుడూ తినేంత తిననివ్వండి, మార్చాలంటే డాక్టర్‌ని అడగండి.

పాపకి మొన్ననే ఏడాది నిండింది. జాలీ పట్టుకుని నిలబడి కోళ్లకి ఆకు అందించాలని చూస్తుంది, సగం తన నోట్లోనే పెట్టుకుంటుంది. మా వీధిలో ఎవరైనా డెలివరీకి వెళ్తుంటే మామ్మ గుమ్మం దగ్గరే ఆపి అడుగుతుంది, "పుట్టగానే కోళ్ల సూది వేయించండమ్మా, మర్చిపోకండి" అని. ఆ పేరు మార్చడానికి నేను చాలా ప్రయత్నించాను. ఆవిడ వినలేదు.